మందు చీటీ చేతికొచ్చిన నర్సు

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబం ఒకటి ఇంట్లో పెద్దావిడను మొదటిసారి మానసిక వైద్యానికి తీసుకెళ్ళిందనుకుందాం. గదిలోకి వచ్చిన మనిషి పేరు చెప్పుకుని, గంటసేపు కూర్చుని, పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగి, మందు రాసి, నెల తర్వాత రమ్మంటుంది. బయటికొచ్చాక పెద్దాయన కొడుకుని అడుగుతాడు: "అంతా బాగానే ఉంది గానీ, డాక్టరుగారు ఎప్పుడు చూస్తార్రా?" చూడాల్సినవాళ్ళు చూసేశారని, ఆవిడ డాక్టరు కాదని, అయినా ఆ చీటీ చెల్లుతుందని నచ్చజెప్పడం కొడుక్కి చిన్న పనేం కాదు. మనకు నర్సు అంటే "సిస్టర్". సూది వేస్తుంది, సెలైన్ మారుస్తుంది, డాక్టరు రౌండ్స్‌కొస్తే కేస్ షీట్ పట్టుకుని వెనకాల నడుస్తుంది. జబ్బేమిటో తేల్చి చెప్పే సిస్టర్‌ని మనం ఎరగం.

ఆవిడ హోదా పూర్తి పేరు సైకియాట్రిక్ మెంటల్ హెల్త్ నర్స్ ప్రాక్టీషనర్. అంత పొడుగ్గా అక్కడా ఎవరూ పలకరు, సైక్ ఎన్‌పీ అనేస్తారు. (మగవాళ్ళూ ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే కాబట్టి ఇక్కడ "ఆవిడ" అనే రాస్తున్నాం.) జబ్బు నిర్ధారించడం, మందు మొదలుపెట్టడం, మోతాదు మార్చడం, ఆపేయడం, రక్తపరీక్షలు రాయడం, కౌన్సెలింగ్ చేయడం అన్నీ ఆవిడ పనులే. 2011 నుంచి 2019 మధ్య మెడికేర్, అంటే ముఖ్యంగా 65 దాటినవారికిచ్చే ప్రభుత్వ బీమా కింద రోగులను చూసే సైక్ ఎన్‌పీల సంఖ్య 162 శాతం పెరిగింది. అదే కాలంలో సైకియాట్రిస్టుల, అంటే మానసిక వైద్యం చేసే డాక్టర్ల సంఖ్య 6 శాతం తగ్గింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకుంటే, ఆ దేశంలో సగానికి పైగా కౌంటీల్లో ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు.

డాక్టర్లు చాలక నర్సులతో సరిపెట్టుకుంటున్నారన్నమాట, అని ఈ అంకెలు చూసి అనేయొచ్చు. అందులో సగం నిజముంది. మిగతా సగం తెలియాలంటే చీటీ సంగతి కాసేపు పక్కనపెట్టి, దానికి ముందూ వెనకా జరిగే పనిని చూడాలి.

ఆ పని చీటీ కన్నా చాలా పాతది. మసాచుసెట్స్‌లోని మెక్లీన్ ఆసుపత్రిలో మానసిక రోగులను చూసుకునే నర్సుల కోసం 1882లోనే బడి పెట్టారు. అప్పట్లో నర్సు పనంటే తిండి, స్నానం, పక్క, కాపలా. 1952లో హిల్డెగార్డ్ పెప్లౌ అనే నర్సు ఒక పుస్తకం రాసి ఆ లెక్క మార్చింది. రోగికీ నర్సుకీ మధ్య ఏర్పడే సంబంధమే వైద్యం, అంది ఆవిడ. మొదటిరోజు నర్సు ముక్కూమొహం తెలియని మనిషి. తర్వాత అడిగింది చెప్పే మనిషి, నేర్పే మనిషి, చివరికి మనసు విప్పి మాట్లాడుకోగలిగిన మనిషి అవుతుంది. అవసరం తీరాక విడిపోవడమూ ఆ వైద్యంలో భాగమే. రెండేళ్ళకే, 1954లో, మతిభ్రమను తగ్గించే క్లోర్‌ప్రోమజీన్ అనే మాత్ర అమెరికా మార్కెట్లోకొచ్చి అందరి చూపునూ మందుల వైపు తిప్పేసింది. పెప్లౌ మాత్రం రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మానసిక నర్సింగ్‌లో పీజీ చదువు పెట్టి తన పట్టు వదల్లేదు.

నర్స్ ప్రాక్టీషనర్ అన్న హోదా వేరే దారిన వచ్చింది. 1965లో కొలరాడోలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి, డాక్టరు దొరకని చోట్ల పిల్లల్ని చూడగలిగేలా నర్సులకు పై శిక్షణ ఇవ్వడం మొదలెట్టారు. ఈ రెండు దారులూ కలవడానికి దశాబ్దాలు పట్టింది. ఇవాళ్టి సైక్ ఎన్‌పీకి చూపు పెప్లౌ నుంచి, పెన్ను ఫోర్డ్ నుంచి వచ్చాయనుకోవచ్చు.

చదువు విషయంలో గొడవ ఉంది. ముందు నర్సింగ్ డిగ్రీ, లైసెన్స్ పరీక్ష. ఆపైన రెండు మూడేళ్ళ మాస్టర్స్, లేదంటే ఇంకాస్త పొడుగైన డాక్టరేట్. మందుల శాస్త్రం, రోగ విజ్ఞానం, శరీర పరీక్ష అందరికీ తప్పనిసరి. తర్వాత సర్టిఫికేషన్ పరీక్ష. అందులో కొన్ని ప్రశ్నలకు మార్కులుండవు, అవి రాబోయే పరీక్షల కోసం పెట్టి చూసేవి, ఏవి ఏవో రాసేవాళ్ళకు తెలియదు. ఐదేళ్ళకోసారి సర్టిఫికెట్ పునరుద్ధరించుకోవాలి. పర్యవేక్షణలో రోగుల్ని చూడాల్సిన గంటలు కనీసం 500గా ఉండేవి, కొత్త ప్రమాణాలు 750 అంటున్నాయి. సైకియాట్రిస్టుకైతే మెడికల్ కాలేజీ తర్వాత నాలుగేళ్ళ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ. ఆ నాలుగేళ్ళను గంటల్లోకి మార్చి చూస్తే పోలికే లేదు.

అక్కడి డాక్టర్ల సంఘం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఈ తేడానే ఎత్తి చూపుతుంది. ఆ మాటలో వృత్తి స్వార్థం ఉంది, నిజమూ ఉంది. పదేళ్ళు సైకియాట్రిక్ వార్డులో రాత్రి డ్యూటీలు చేసి ఎన్‌పీ చదివిన మనిషికి ఆ 500 గంటలు పైపూత మాత్రమే. కానీ వార్డు మొహం చూడకుండా, ఆన్‌లైన్లో పాఠాలు విని, శిక్షణ ఇచ్చే గురువును తానే వెతుక్కుని పట్టా పుచ్చుకునే దారి కూడా అక్కడుంది. రెండో మనిషికి ఆ గంటలే మొత్తం పునాది. గోడ మీద తగిలించే సర్టిఫికెట్ మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇక ఆ పెద్దావిడ గదిలోకి పోదాం. ఆవిడ చెప్పే బాధల్లో "మనసు" అన్న మాటే రాదు. నీరసం, గుండె దడ, తల బరువు, అరికాళ్ళ మంటలు, నిద్ర పట్టకపోవడం. గుండె డాక్టరు ఈసీజీ తీసి ఏమీ లేదన్నాడు. "ఏమీ లేకపోతే దడెందుకొస్తోంది?" అన్నది ఆవిడ ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే. థైరాయిడ్ తగ్గినా నీరసమే, హిమోగ్లోబిన్ తగ్గినా నీరసమే, జీవితమంతా శాకాహారం తిన్న మనిషికి బి12 చాలకపోయినా అరికాళ్ళు మండుతాయి. ఈ పరీక్షలేవీ లేకుండా డిప్రెషన్ అని రాసేయడం తప్పని సైక్ ఎన్‌పీకి మొదటి ఏడాదే నేర్పుతారు.

ఆ తర్వాత అసలు పని: ఇంట్లో ఉన్న మందులన్నీ పట్టుకొచ్చి బల్ల మీద బోర్లించమనడం. ఊరినుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ కవర్లోంచి బీపీ మాత్రలు, గ్యాస్ మాత్రలు, ఆయుర్వేదం పొడి, వాటి మధ్య సగానికి విరిచిన ఒక స్ట్రిప్ బయటపడతాయి. "అది నిద్రమాత్ర, రోజూ సగమే" అంటుంది పెద్దావిడ, సగం అన్న మాట వత్తి పలుకుతూ. అది అల్ప్రాజోలామ్. ఎనిమిదేళ్ళుగా వేసుకుంటోంది. అమెరికా వచ్చాక స్ట్రిప్ అయిపోవస్తోందని పొదుపుగా రెండ్రోజులకోసారి వేసుకుంటోంది. దడకు, నిద్రలేమికి, చేతి వణుకుకు కారణం సగానికి సగం అక్కడే దొరికిపోయింది. ఏళ్ళ తరబడి వాడిన ఆ మందును హఠాత్తుగా తగ్గిస్తే శరీరం ఎదురుతిరుగుతుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. ఇప్పుడు రాయాల్సింది కొత్త మందు ఒక్కటే కాదు, పాతదాన్ని వారాల తరబడి మెల్లగా దించే లెక్క కూడా. మన దగ్గర డిప్రెషన్ మందు ఎసిటలోప్రామ్, అల్ప్రాజోలామ్ జాతికే చెందిన క్లోనజెపామ్ కలిపిన ఒకే మాత్ర విరివిగా దొరుకుతుంది. అక్కడ అలాంటి జంట మాత్ర లేదు. అందుకే కంప్యూటర్లో పేరు కొడితే రాని మందుల్ని రేకు మీది అక్షరాలు చదివి విడదీసుకోవాల్సి వస్తుంది.

తర్వాత ప్రశ్నాపత్రం. పీహెచ్‌క్యూ-9 అంటారు. తొమ్మిది ప్రశ్నలు, సున్నా నుంచి 27 దాకా మార్కులు, 10 గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్తగా చూడాలి. మొదటి ప్రశ్న పనుల మీద ఆసక్తి తగ్గిందా అని. తెలుగు తల్లిని అలా అడిగితే "ఆసక్తి ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటమ్మా, వంట చేయక తప్పుతుందా?" అంటుంది. అది మార్కు వేసే జవాబు కాదు. అదే ప్రశ్నను "పోయినేడు సంక్రాంతికి అరిసెలు చేశారట, ఈసారి ఎందుకు చేయలేదు?" అని మార్చి అడిగితే ఆవిడ కాసేపు కిటికీలోకి చూస్తుంది. ఆ చూపుకి మార్కు వేయడం వార్డులో నేర్చిన విద్య.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. "ఇంక ఆ దేవుడు తీసుకుపోతే బాగుండు" అన్న మాట మన పెద్దవాళ్ళ నోట రోజుకు మూడుసార్లు దొర్లుతుంది. మోకాళ్ళ నొప్పికీ అదే మాట, కోడలు పలకరించకపోయినా అదే మాట. అందులో ఊతపదం ఏదో, నిజంగా మాత్రల సీసా వైపు చేయి చాచబోతున్న మనిషి ఏదో విడదీయాలి. ఆ ప్రశ్నను కొడుకు చేత అడిగించకూడదు. తల్లి కొడుకుతో "అవును" అనదు, కొడుకు తల్లిని ఆ మాట సూటిగా అడగనూ లేడు. రోగి వెంట వచ్చినవాళ్ళను దుభాషీలుగా వాడుకోవడంపై అమెరికా ఆరోగ్య చట్టంలో ఆంక్షలున్నాయి, చిన్నపిల్లలనైతే అత్యవసరంలో తప్ప అసలు వాడకూడదు. కాబట్టి ఫోన్లో తెలుగు దుభాషీని పిలుస్తారు, కొడుకుని బయట కూర్చోమంటారు. ఆ పది నిమిషాల్లో బయటపడే సంగతులు ముందరి యాభై నిమిషాల్లో రావు.

మందు రాశాక పని అయిపోయినట్టు కనబడుతుంది. డిప్రెషన్ మందుకు గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారమే వస్తాయి. పదో రోజుకి "ఆ మందు వేడి చేసింది" అని మానేస్తారు. ఆ మాట ముందే ఊహించి, ఏడో రోజు ఫోన్ చేసి, మజ్జిగ తాగండి గానీ మాత్ర మానకండి అని చెప్పగలిగితే ఆ చీటీకి విలువ. పెద్ద వయసులో ఈ మందులతో ఒంట్లో సోడియం తగ్గి మనిషి మత్తుగా, తికమకగా అయిపోవచ్చు. ఇంట్లోవాళ్ళు దాన్ని మతిమరుపు అనుకుంటారు. ఒక చిన్న రక్తపరీక్షతో తేలిపోయే విషయం, అడిగేవాళ్ళుంటే.

లిథియం సంగతి మరీ సున్నితం. మనసు ఉవ్వెత్తున లేచి, మళ్ళీ కుంగిపోయే బైపోలార్ జబ్బుకు అంత పాత, అంత గట్టి మందు ఇంకోటి లేదనే చెప్పాలి. రక్తంలో దాని మోతాదు సుమారు 0.6 నుంచి 1.2 మధ్య ఉండాలి. 1.5 దాటితే విషం మొదలైనట్టే. పనిచేసే మోతాదుకీ ప్రమాదానికీ మధ్య సందు అంతే. బీపీ ఉందని ఎవరో చెబితే ఒక్కసారిగా ఉప్పు మానేసినా, ఎండాకాలం చెమటలు పోసి నీళ్ళు సరిగ్గా తాగకపోయినా, మోకాళ్ళ నొప్పికి దుకాణంలో ఇబుప్రోఫెన్ కొనుక్కుని వారం రోజులు వేసుకున్నా మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపడం తగ్గించేస్తాయి. టీ కప్పు పట్టుకున్న చెయ్యి వణుకుతుంది, విరేచనాలవుతాయి, మాట ముద్దగా వస్తుంది. ఏళ్ళుగా కుదురుగా ఉన్న మనిషిలో ఈ మూడూ కలిసి కనిపించాయని ఇంట్లోవాళ్ళు ఫోన్ చేస్తే, సైక్ ఎన్‌పీ మొదట అడిగేది మనసు గురించి కాదు: "ఈ వారంలో నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా?"

ఇంకో చిన్న పరీక్ష ఉంది, చూస్తే పిల్లలాటలా ఉంటుంది. ఏళ్ళ తరబడి సైకోసిస్ (లేనివి వినబడే, కనబడే మతిభ్రమ) మందులు వాడేవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టించి, నోరు తెరవమంటారు, నాలుక చాపమంటారు, బొటనవేలితో మిగతా వేళ్ళను ఒక్కొక్కటిగా గబగబా తట్టమంటారు, నాలుగడుగులు నడిపిస్తారు. వేళ్ళు తట్టడం మీద రోగి ధ్యాస పెట్టినప్పుడు పెదవులు వాటంతటవే చప్పరిస్తున్నాయా అన్నదే చూడాల్సింది. మందు వల్ల వచ్చే ఆ కదలిక తొలిదశలో దొరికితే మార్గముంటుంది, ముదిరితే పోకపోవచ్చు. అదే పరీక్ష వీడియో కాల్లో చేస్తే భుజాల పైభాగమే కనబడుతుంది, కాళ్ళ సంగతి తెలియదు.

వీడియో కాల్ అనగానే డబ్బు ప్రస్తావన వస్తుంది. ఒకే పనికి మెడికేర్ డాక్టరుకు ఇచ్చే దాంట్లో 85 శాతమే ఎన్‌పీకి ఇస్తుంది. రోగిని మొదటిసారి చూడడానికి గంట దొరికినా, ఆ తర్వాత వచ్చినప్పుడల్లా చాలా క్లినిక్‌లలో పదిహేను ఇరవై నిమిషాలే. బీమా లెక్కల్లో మందుల కోసం చూసినదానితో పాటు కౌన్సెలింగ్‌కి విడిగా బిల్లు వేయాలంటే కనీసం 16 నిమిషాలు మాట్లాడి ఉండాలి. పదిహేను నిమిషాల స్లాటులో పదహారు నిమిషాల మాటలు ఎలా పట్టించాలో లెక్కల మాస్టారే చెప్పాలి. పెప్లౌ చెప్పిన సంబంధం ఎక్కడ నలిగిపోతోందంటే సరిగ్గా ఇక్కడ. కోవిడ్ సమయంలో, 2020లో, నేరుగా చూడకుండానే నియంత్రిత మందులు (అలవాటుపడే ప్రమాదం ఉందని చట్టం కట్టడి చేసినవి) రాసే వెసులుబాటు వచ్చింది. పల్లెల్లో ఉన్నవాళ్ళకు అది నిజంగా మేలు చేసింది. దాని వెంటే ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస కుదరని సమస్యకు వాడే మందులను ఫోన్లో ప్రకటనలు వేసి అమ్ముకునే కంపెనీలూ పుట్టాయి. 2024 జూన్‌లో అలాంటి ఒక కంపెనీ అధిపతి అరెస్టయ్యారు. అవసరం లేనివాళ్ళకూ మందు రాయించారన్నది అప్పటి అభియోగం. ఆ వ్యాపారానికి కావలసింది చూసే కన్ను కాదు, సంతకం పెట్టే చెయ్యి. ఎన్‌పీ అంటే తక్కువ జీతానికి దొరికే సంతకం అనుకున్నచోట ఆ వృత్తి చెడుతుంది.

ఆ సంతకం విలువ కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగువాళ్ళు లెక్కకు మిక్కిలిగా ఉన్న టెక్సస్‌లో ఎన్‌పీ మందు రాయాలంటే ఒక డాక్టరుతో ఒప్పందం ఉండాలి. ఏడీహెచ్‌డీకి వాడే ఆంఫెటమైన్ తరహా మందులు మామూలు క్లినిక్‌లో ఆవిడ రాయకూడదు. పక్కనే న్యూ మెక్సికోలో ఈ అడ్డంకులు లేవు. ఎల్ పాసోలో సగం చేయి కట్టేసి పనిచేసే ఆవిడే, కారులో గంట ప్రయాణం చేసి అక్కడి లైసెన్సుతో లాస్ క్రూసెస్‌లో సొంతంగా క్లినిక్ తెరవచ్చు. చదివిన చదువు మారలేదు, రోగి జబ్బూ మారలేదు.

ఇక మన వైపు. ఎర్రగడ్డ అన్న ఊరి పేరే తిట్టుగా మారిపోయిన రాష్ట్రాలు మనవి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల తెలుగు నేలకు పెద్ద దిక్కులు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు, 0.75 అన్నది తరచు వినబడే లెక్క. ఈ ఖాళీని నర్సు పూడ్చవచ్చని మనవాళ్ళకు తోచలేదా అంటే తోచింది, సగం దాకా. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం "మెంటల్ హెల్త్ నర్స్" అన్న మాటకు నిర్వచనం ఇచ్చింది. సైకియాట్రిక్ నర్సింగ్ చదివినవారే కాదు, మామూలు జనరల్ నర్సింగ్ డిప్లొమా ఉన్నా చాలు, రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదై ఉంటే సరిపోతుంది. తలుపు అంత బార్లా తెరిచి, లోపల కుర్చీ వేయడం మర్చిపోయారు: మందు రాసే అధికారం ఊసే లేదు.

నర్స్ ప్రాక్టీషనర్ అన్న మాట మనకు పూర్తిగా కొత్తేం కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో ఆ పేరుతో పీజీ కోర్సుకు రూపమిచ్చింది. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలెట్టి, కాన్పుల గదిలో వాళ్ళకు చొరవ ఇచ్చింది. కాన్పుకి ఒప్పుకున్న చొరవ మనసుకెందుకు ఒప్పుకోరన్నదానికి గట్టి జవాబు వినబడదు. 2019లో నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం డాక్టర్లు కానివాళ్ళకు పరిమితంగా మందులు రాసే లైసెన్స్ ఇవ్వవచ్చన్నప్పుడు డాక్టర్ల సంఘాలు రోడ్డెక్కాయి. అమెరికాలో వినబడే వాదనే, యాస మాత్రం వేరు. ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్‌లలో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) చాలావరకు బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళే. ఊళ్ళో నిద్ర పట్టనివాళ్ళు, తాగుడు మానలేనివాళ్ళు, కాన్పు తర్వాత గోడకేసి తిరిగి పడుకున్న బాలింతలు మొదట వెళ్ళేది వాళ్ళ దగ్గరికే.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకు కొన్ని వారాలకోసారి ఫ్లూఫెనజీన్ అనే సైకోసిస్ మందు సూది వేయడం ఉంది. వేసేది సిస్టరే. ఆ మనిషి నడకను, చేతిని, ముఖాన్ని ప్రతిసారీ దగ్గరగా చూసేదీ ఆమే. ఒకనాడు అతను గేటు దాటి వస్తుంటే చేతులు ఊగడం లేదని, ముఖంలో కదలిక తగ్గిందని, నోటి పక్కన చొంగ కారుతోందని పసిగడుతుంది. సూది మోతాదు తగ్గించడమో, ఆ మందు వల్ల వచ్చే బిగుతును తగ్గించే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర జతచేయడమో అవసరం కావచ్చని ఇరవయ్యేళ్ళ అనుభవమున్న సిస్టర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఓపీ చీటీ వెనక "చేతులు బిగుసుకున్నాయి" అని రాసి జిల్లా ఆసుపత్రికి పంపడం మాత్రమే ఆమె చేతిలో ఉంది. అతను ఒకరోజు కూలి మానుకుని, రెండు బస్సులు మారి వెళ్ళాలి. తర్వాతి సూది తేదీకి వచ్చినప్పుడు, వెళ్ళావా అని అడగాల్సిందీ ఆమే.